చిన్న విమానం చక్రాల అలైన్‌మెంట్: చెవిన పెట్టకూడని సలహాలు

తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచయుద్ధం నాటి రన్‌వే ఉంది. విమాన సర్వీసులు లేకపోయినా, మన జిల్లాల పిల్లలు విమానాల మెయింటెనెన్సు చదువుల్లోకి వెళ్తూనే ఉన్నారు. చక్రాల అలైన్‌మెంట్ గురించి వాళ్ల చెవిన పడకూడని మాటలు కొన్ని ఉన్నాయి.

‘జాకీ ఎక్కించి, చక్రాలు గాల్లో ఉండగా కొలిచెయ్’ అనేది అన్నిటికన్నా చెడ్డ సలహా. సెస్నా 172 లాంటి చిన్న విమానానికి ప్రధాన చక్రాల కాళ్లే స్ప్రింగులు. బరువు పడగానే అవి బయటికి విచ్చుకుంటాయి, చక్రాల వాలు మారిపోతుంది. అందుకే నేలమీద, మాన్యువల్ చెప్పిన బరువుతోనే కొలవాలి. అదైనా వెనక్కి నెట్టి ఆపిన చోట కొలవకూడదు. టైరు నేలను పట్టేసి కాళ్లను సర్దుకోనివ్వదు. ఒక్కో టైరు కింద రెండేసి అల్యూమినియం రేకులు, మధ్యలో గ్రీజు ఉండాలి. విమానాన్ని ముందుకు దొర్లించి వాటిమీదికి ఎక్కించి, అటూ ఇటూ ఊపాలి. తర్వాత రెండు టైర్ల ముందు ఇరుసు ఎత్తులో తిన్నటి బద్ద అడ్డంగా పెట్టి, దానికి మూలమట్టం ఆనించి, రిమ్ము ముందంచుకీ వెనకంచుకీ ఉన్న సందు కొలవాలి. ఆ తేడాయే టో. పాత సెస్నా 172 మాన్యువల్ ఒప్పుకునేది 0 నుంచి 0.06 అంగుళం టో-ఇన్ (చక్రం ముందంచు లోపలికి చూడటం), అంటే మహా అయితే ఒకటిన్నర మిల్లీమీటరు. ఇంత చిన్న కొలతను కంటిచూపుతో తేల్చేవాణ్ని నమ్మకండి.

‘కొల్లేరు చేపల బండ్లకు అలైన్‌మెంట్ చేసే మేస్త్రీకి అప్పగించు’ అంటారు. ఆ మేస్త్రీల పనితనం మీద నాకు గౌరవమే. కానీ బండి ముందు చక్రాలకు తిప్పి సరిచేసే రాడ్డు ఉంటుంది, విమానం చక్రాలకు ఉండదు. కాలికీ ఇరుసుకీ మధ్య షిమ్ములు, అంటే ఏటవాలు పలకలు, పెట్టాలి. లైసెన్సున్న ఇంజినీరు చూసి సంతకం చెయ్యాలి.

‘ఖాళీ రన్‌వే మీద పరుగెత్తించి, ఎటు లాగుతుందో చూడు’ అన్నది ఇంకో మాట. పక్కగాలి, పట్టేసిన బ్రేకు, ఒక టైరులో తగ్గిన గాలి, నేల వాలు, వీటిలో ఏదైనా లాగుతుంది. దాన్నిబట్టి షిమ్ము మారిస్తే లేని జబ్బుకు మందేసినట్టే.

‘టో-ఇన్ కొంచెం ఎక్కువున్నా మంచిదే’ అనేవాళ్లు తోకచక్రం విమానాన్ని మరిచిపోతారు. యుద్ధకాలపు డకోటా, హరికేన్ ఆ రకమే. అలాంటిది నేలమీద ఒక పక్కకు తిరగబోతే, బరువు బయటివైపు చక్రం మీదికి వెళ్తుంది. లోపలికి చూస్తున్న ఆ చక్రం విమానాన్ని ఇంకా తిప్పేస్తుంది.

టైరు ఒకవైపే అరిగితే తిప్పి వేసుకోవచ్చు, డబ్బు మిగులుతుంది. అరుగుదల కారణం మాత్రం వెతకాల్సిందే. బరువుగా దిగిన రోజేదైనా ఉందా అని లాగ్‌బుక్ చూడండి, కాలు వంగిందేమో పరీక్షించండి. షిమ్ము మార్చాక బోల్టులు మాన్యువల్ చెప్పినంత బిగించి, మళ్లీ దొర్లించి, మళ్లీ కొలవండి.