ధూమాపహారిణి: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలము

ఇదియె చివరి దనుచు నింక ముట్టననుచు
బసుపు బుట్టలోన బారవైచె
నెదుటివారి యెదల కెక్సురేలను దీయు
ధూమరాజ్యమేలు దొర యొకండు

అవతారిక

ఉత్తరాంధ్రలో ఒకానొక పెద్దాసుపత్రి. క్యాజువాలిటీ వెనక మెట్ల కింద, పొగ తాగితే 200 రూపాయల జరిమానా అని హెచ్చరించే బోర్డుకు జానెడు దిగువన, మార్కర్ పెన్నుతో ఎవరో రాసిపెట్టిన పద్యమిది. బహిరంగ స్థలాల్లో పొగ నిషేధపు నిబంధనలు 2008 అక్టోబరు 2న అమల్లోకి వచ్చాయి. బోర్డు ఆ నాటిది, పద్యం మొన్నటిది. కింద కవి నామం లేదు. రాత్రి డ్యూటీ సిస్టర్లలో ఒకామెకు గణాలు వచ్చునని వార్డులో వినికిడి.

మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. ఈ వ్యాఖ్యాత మొదటి సగానికి కట్టుబడతాడు. రెండో సగానికి పూచీ లేదు.

ప్రతిపదార్థము

ఎదుటివారి = ఇతరులయొక్క (తనకు అభిముఖంగా ఉన్నవారు అని అర్థం చెప్పరాదు; ఛాతీ ఎక్స్‌రేకు రోగి పలకకు రొమ్ము ఆనించి, టెక్నీషియనుకు వీపు చూపిస్తాడు కదా); యెదలకు = రొమ్ములకు; ఎక్సురేలను తీయు = ఛాయాచిత్రములను గ్రహించునట్టి; ధూమరాజ్యము = పొగయే రాజ్యము, దానిని; ఏలు = పాలించు; దొర యొకండు = ఒక ప్రభువు, అనగా రేడియోగ్రాఫరు; ఇదియె చివరిది అనుచు = ఆఖరు సిగరెట్టు ఇదే అని పలుకుచు; ఇంక ముట్టను అనుచు = ఇకమీదట తాకనని ఒట్టు పెట్టుకొనుచు; పసుపు బుట్టలోనన్ = పచ్చసంచి తొడిగిన బుట్టయందు; పారవైచెను = విసిరెను.

తాత్పర్యము

ఎక్స్‌రే ఆయన సిగరెట్లు మానేశాడు.

విశేషములు

"ఇదియె" అన్నచోట ఎకారం నిశ్చయార్థకం. ఇదే చివరిదని నొక్కి చెప్పాడంటే, ఇంతకుముందు చివరివని చెప్పినవి చివరివి కాలేదని తేలిపోతోంది.

"ముట్టను" అనే క్రియ దగ్గర కాస్త ఆగాలి. తెలుగులో ఇలాంటి వ్యతిరేక క్రియకు వర్తమాన, భవిష్యత్ భేదం లేదు. ముట్టను అంటే నేటికీ, రేపటికీ రెంటికీ సరిపోతుంది. మన దొర ఇన్నేళ్లూ ఇంటి దగ్గర ఇల్లాలి ముందు ఈ మాటను వర్తమానంలో వాడుకుంటూ, మెట్ల కింద భవిష్యత్తులో వాడుకుంటూ వచ్చాడు. ఒకే మాట, రెండు కాలాలు, వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. పద్యంలో "ఇంక" అనే పదం చేర్చి కవయిత్రి (కవి స్త్రీయేనని వ్యాఖ్యాత నమ్మకం) ఆ వెసులుబాటును మూసేసింది. ఇల్లాలికి పద్యం ఇంకా చేరలేదని భోగట్టా.

ఇక "పారవైచె". దేన్ని? పద్యమంతా వెదికినా కర్మ కనబడదు. పీక అని ఒక వర్గం, పెట్టె అని ఒక వర్గం. పీక అయితే చివరిది కాల్చాక పారేసినట్టు; అది రోజూ చేసేదే, పద్యానికి ఎక్కేంత ఘనకార్యం కాదు. కనుక పెట్టెనే అధ్యాహారం చేసుకోవాలి, అందులో ఇంకా నాలుగైదు మిగిలి ఉండాలి. త్యాగమంటే అది.

అయితే పసుపు బుట్టలో వేయడం తప్పు. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం పసుపు సంచి నెత్తురంటిన దూదికీ, కట్లకీ, శరీర భాగాలకీ. ఎరుపు వాడేసిన ప్లాస్టిక్ గొట్టాలకీ, తెల్ల డబ్బా సూదులకీ. సిగరెట్ పెట్టె మామూలు చెత్త. ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్ చూసి ఉంటే దొరకు మరో పద్యం పడేది. కానీ కవి తెలియక రాసిందనుకోలేం. పసుపు సంచిలోవి చివరికి కొలిమికి వెళ్తాయి. కాల్చకుండా వదిలేసినవి కూడా కాలి తీరాల్సిందేనని ఇక్కడ ధ్వని. పొరపాటు బుట్టది, ధ్వని మాత్రం ఉత్తమ కావ్యానిది.

అలంకారం విరోధాభాసం. పొగతాగేవాడి ఊపిరితిత్తులు నల్లబడతాయని లోకం అనుకుంటుంది. ఎక్స్‌రే గదిలో లెక్క వేరు. గాలి ఉన్నచోటు నలుపు, గాలి లేనిచోటు తెలుపు. నిమోనియా వస్తే తెల్లమచ్చ, గడ్డ ఉంటే తెల్లమచ్చ. అలాగని నలుపు ఎక్కువైతే సంతోషించడానికీ లేదు. ఏళ్ల తరబడి పొగకు సాగిపోయిన ఊపిరితిత్తి గాలి వదల్లేక మరీ నల్లగా, కింది డయాఫ్రం బల్లపరుపుగా కనిపిస్తుంది. ఇవన్నీ మన దొరకు కరతలామలకం. రిపోర్టు రాసేది డాక్టరే అయినా, ఫిల్ము చూసి పెదవి విరిచేది ముందుగా ఇతనే.

ఇంకో విరోధం ఉంది. రేడియోగ్రాఫరు ఛాతీ మీద చిన్న బ్యాడ్జి పెట్టుకుంటాడు. తనకు తగిలిన రేడియేషన్ ఎంతో అది లెక్కపెడుతుంది. మూడు నెలలకోసారి లెక్కకు పంపాలి. అది మర్చిపోతే ఇతనికి నిద్ర పట్టదు. సీసపు ఏప్రన్‌కు చిరుగుందని స్టోర్స్ వాళ్లతో పోట్లాడిన మనిషి. పొగాకులో పొలోనియం-210 ఉంటుంది, అదీ రేడియోధార్మికమే, పొగతోపాటు నేరుగా శ్వాసనాళాల్లోకి చేరుతుంది. ఆ లెక్క ఛాతీ బయటి బ్యాడ్జికి అందదు. ఏప్రన్ పైన, పొలోనియం లోపల.

హేతు విచారము

ఎందుకు మానేశాడు? వ్యాఖ్యాతల అసలు తగవు ఇక్కడే.

జ్ఞానం వల్లనని పూర్వపక్షం. నిలవదు. కారణం ఉంటే కార్యం పుట్టాలి కదా; జ్ఞానం ఇతనికి డిప్లొమా నాడే ఉంది. నిజానికి ఈ శాస్త్రపు మహాభాష్యం వైద్యుల ఒంటి మీదే రాశారు. 1951లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ బ్రిటన్ డాక్టర్లకు ఉత్తరాలు రాసి, మీ పొగ అలవాటు చెప్పండి అని అడిగితే 40 వేల మందికి పైగా జవాబిచ్చారు. మగ డాక్టర్లను అర్ధశతాబ్దం వెంబడించి 2004లో తేల్చిన లెక్క: సిగరెట్ వదలనివారు సగటున పదేళ్లు ముందే పోయారు. అరవైలో మానితే 3 ఏళ్లు, యాభైలో 6, నలభైలో 9 దక్కుతాయి. ముప్పైలోనే మానితే పదీ దాదాపు దక్కినట్టే. మన దొరకు నలభై దగ్గరపడింది. ఈ లెక్క కాగితం అతని సొరుగులోనే ఉంది, దాని మీద అగ్గిపెట్టె ఉండేది.

ధర వల్లనని మరొకరు. ధర పెరిగినప్పుడల్లా ఇతను తగ్గించింది టిఫిన్.

సిద్ధాంతం ఇది. ఒకరోజు అంగిలి మీద పుండుతో ఒక ముసలమ్మ వచ్చింది. ఆపరేషన్‌కు ముందు ఛాతీ ఎక్స్‌రే కావాలి. శ్రీకాకుళం తీరం మనిషి, జీవితమంతా అడ్డపొగ తాగింది. చుట్ట వెలిగించి నిప్పున్న కొసను నోట్లో పెట్టుకోవడం అడ్డపొగ. వేడంతా అంగిలికే తగులుతుంది, ఆ చోటనే క్యాన్సర్ పుడుతుంది. ఇతను ఆమె భుజాలు ముందుకు వంచి, "గాలి గట్టిగా పీల్చి ఆపమ్మా" అన్నాడు. ఆమె పీల్చింది. ఆపలేదు. వెనక్కి తిరిగి, "ఏటి బాబూ, నువ్వూ తాగుతావేటి? అయితే మనోడివే" అని మెచ్చుకోలుగా నవ్వింది.

ఆమె తిట్టలేదు, బెదిరించలేదు. సాటివాడిగా కలుపుకుంది. జరిమానా బోర్డు చెయ్యలేని పని ఆ "మనోడివే" చేసింది. తార్కికులు కొండమీద పొగను చూసి నిప్పును ఊహిస్తారు. ముసలమ్మ వాసన చూసి తన పుండును ఇతనిలో ఊహించింది.

అనుబంధము

మానినవాడికి మొదటి రెండు మూడు రోజులు పెద్ద గండం. నికోటిన్ రెండు గంటల్లో సగానికి పడిపోతుంది కాబట్టి ఆ వేళకల్లా కాళ్లు మెట్ల కిందికి లాగుతాయి. చిరాకు, ఆకలి, నిద్రలేమి. ఆ రోజుల్లో ఇతను రోగులతో "ఊపిరి ఆపండి" అన్న తీరుకు ఇద్దరు నిజంగానే భయపడ్డారట. తపన ఒక్కో విడత కొన్ని నిమిషాలే ఉంటుంది. 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ చీటీ లేకుండానే దొరుకుతుంది; ఘాటు తగిలేదాకా నమిలి బుగ్గన పెట్టుకోవాలి. ఇతను బబుల్‌గమ్‌లా నమిలి వెక్కిళ్లు తెచ్చుకున్నాడు.

మానాలనుకునేవారికి 1800-11-2356 అని ఉచిత ఫోన్ నంబరు ఉంది. అది సిగరెట్ పెట్టె మీదే అచ్చవుతుంది. పెట్టె పసుపు సంచిలో పోయింది కనుక నంబరూ పోయింది.

క్షేపక విచారము

నాలుగోరోజు దొర గేటు బయట టీకొట్టుకు వెళ్లి "ఒక పెట్టె ఇటివ్వు" అన్నాడని కొన్ని ప్రతుల్లో కనబడుతోంది. నంబరు చూసుకోవడానికే అడిగాడని ఈ వ్యాఖ్యాత మతం. టీకొట్టు ఖాతా పుస్తకంలో మాత్రం ఆ తేదీన "ఎక్స్‌రే సార్: టీ 2, లూజు 1" అని ఉంది. రెండో టీ, లూజు సిగరెట్టు రెండూ పక్కనున్న అంబులెన్స్ డ్రైవరువని సమన్వయం చేశాం. డ్రైవరును అడిగితే, "టీ నాదే సార్. నేను బీడీ మనిషిని, సిగరెట్టు పడదు" అన్నాడు.