సంజయుడి ఐదు పాయింట్లు

గత వారం ఏం చేశావో ఓ ఐదు పాయింట్లలో రాసి పంపు, గడువు సోమవారం రాత్రి 11.59. 2025 ఫిబ్రవరిలో అమెరికాలో 20 లక్షల పైచిలుకు ఫెడరల్ ఉద్యోగులకు అందిన ఈ తాఖీదు సంగతి మీకు తెలిసిందే. జవాబివ్వకపోతే రాజీనామా కిందే లెక్కని అప్పట్లో ట్రంప్ సర్కారు ఖర్చుల కోత చూస్తున్న ఎలాన్ మస్క్ గారు ఎక్స్‌లో విడిగా సెలవిచ్చారు. ఆ బుధవారం కేబినెట్ సమావేశంలో గుట్టు విప్పారు: అది పనితీరు మదింపు కాదట, నాడి కొట్టుకుంటోందో లేదో చూడటమట!

ఈ తెలివి హస్తినాపురంలో ముందే పుట్టి ఉంటే వ్యాసుడికి ఎంత శ్రమ తప్పేది! ధృతరాష్ట్రుల వారికి అసలే చూపు లేదు. ఇక వినే ఓపిక కూడా లేదనుకోండి. సంజయా, యుద్ధం సంగతి ఐదు పాయింట్లలో చెప్పు, లేదా దివ్యదృష్టి సరెండర్ చెయ్యి అంటారు. సంజయుడూ ఉద్యోగస్థుడే కదా, పంపిస్తాడు:

• 18 అక్షౌహిణుల సిబ్బందితో పని 18 రోజుల్లో పూర్తి.
• భీష్ముల వారు విశ్రాంతిలో ఉన్నారు. పడక ఏర్పాట్లు అర్జునుడు చూశాడు.
• అభిమన్యుడు: పద్మవ్యూహ ప్రవేశం విజయవంతం. నిష్క్రమణ పెండింగ్.
• అశ్వత్థామ మృతి ధ్రువీకరణ.
  – ఏనుగు
• రాకుమారుల హేతుబద్ధీకరణ: 100 నుంచి 0కి.

ప్రభువు సంతోషిస్తాడు. ఎంత క్లుప్తంగా ఉంది! ఆ పసివాణ్ని చుట్టుముట్టిన మహారథులెవరు, ఎందరు, ధర్మయుద్ధంలో అది తగునా అనే గొడవే లేదు. పాయింటుకు కర్త అక్కర్లేదు. పద్మవ్యూహం దానంతటదే జరిగిపోతుంది.

నాలుగో పాయింటు కింద ఉన్న ఆ చిన్న గీతను చూశారా? ఉప పాయింటును కనిపెట్టింది మన ధర్మరాజే. పై ముక్క గట్టిగా అన్నాడు, ఏనుగును గొణిగాడు. ద్రోణుడు పై ముక్క విని విల్లు కింద పెట్టాడు. అబద్ధమాడావేమయ్యా అంటే, ఏనుగని చెప్పానుగా అని స్లైడు చూపించొచ్చు. ఆ గొణుగుడికి ఆయన రథం నేలకు దిగిందంటారు. ఆ రోజుల్లో చిన్న అక్షరాలకూ శిక్ష ఉండేది.

మేం పత్రికల వాళ్లమూ తక్కువ తినలేదు. రైతు చచ్చిపోతే ఫోన్‌లో మూడు చుక్కలు: పేరు, ఊరు, ఎక్స్‌గ్రేషియా. అప్పు ఎవరిచ్చారు, వడ్డీ ఎంత, విత్తనం ఎవరు అమ్మారు? నాలుగో చుక్కకు చోటు లేదు. అక్కడ ప్రకటన వస్తుంది.

ఇంతవరకూ నవ్వుకున్నాం కదా, ఇక 2003కు రండి. జనవరి 16న పైకి లేస్తుండగానే కొలంబియా వ్యోమనౌక ఎడమ రెక్కకు ఫోమ్ ముక్క తగిలింది. నౌక ఇంకా కక్ష్యలో ఉండగానే ఇంజినీర్లు నాసాకు ఓ స్లైడు చూపించారు. పైన శీర్షిక ధైర్యం చెబుతోంది. కింద పాయింట్లు, వాటి కింద ఉప పాయింట్లు. అట్టడుగున అసలు మాట: తగిలిన ముక్క అంచనా 1920 ఘనపుటంగుళాలు, పరీక్షల్లో వాడింది 3. అంటే 640 రెట్లు పెద్ద ముక్క మీద ఆ పరీక్షలు ఏమీ చెప్పలేవు. ఏనుగును మళ్లీ గొణిగారు. ఫోమ్ గురించి భయమేమీ లేదని జనవరి 23న నౌక కమాండరుకు ఈ-మెయిల్ వెళ్లింది. ఫిబ్రవరి 1న కొలంబియా ఆకాశంలోనే ముక్కలైంది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు పోయారు. సాంకేతిక పత్రాల బదులు స్లైడ్లతో సరిపెట్టే అలవాటు నాసాలో పాతుకుపోయిందని దర్యాప్తు బోర్డే తప్పుపట్టింది.

ఆ బోర్డు నివేదిక 2003లోనే అచ్చయింది. ఆ ప్రభుత్వమే 2025లో వాన రాకడ చెప్పేవాణ్నీ, మందుల నాణ్యత పరీక్షించేవాణ్నీ ఐదు ముక్కలు రాయమంది, అదీ మెడ మీద కత్తి పెట్టి. ఉద్యోగం పోతుందన్న భయంతో రాసేవాడు ఆ ఐదింటిలో ప్రమాదం సంగతి రాస్తాడా? చేసిన ఘనకార్యాలు రాస్తాడు. ఇది వారికి తెలియదా? తెలుసు! తెలుసుకోవడానికి అడిగింది కాదిది. రేపు కొంప మునిగితే నాకెవరూ చెప్పలేదే అనడానికి పైవాడికో కాగితం కావాలి. చెప్పానుగా, అట్టడుగు గీత చూడండి అనడానికి కిందివాడికో కాగితం కావాలి. ఇద్దరి దగ్గరా కాగితాలు భద్రంగా ఉంటాయి. శవాలకు మాత్రం ఎవరూ జవాబు చెప్పరు.