గ్రేప్‌వైన్ కుర్చీ ఆత్మకథ

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో జాతీయ ఛాంపియన్‌షిప్ కోసం ఏయే జట్లు పోటీపడాలో ఒక కమిటీ తేలుస్తుంది. కోలగా ఉండే బంతిని చేత్తో విసిరి, చంకలో ఇరికించుకుని పరిగెత్తే ఆట ఇది. కమిటీలో ఉండేది 13 మంది. డాలస్ విమానాశ్రయానికి ఆనుకుని ఉన్న గ్రేప్‌వైన్ అనే ఊళ్లో, గేలార్డ్ టెక్సన్ హోటల్లో వాళ్లు సమావేశమవుతారు. ఈ ఆత్మకథ ఆ గదిలోని ఒక కుర్చీది. కుర్చీకి ఓటు లేదు. కూర్చున్నవారి ఓటు రహస్యం కనుక, ఎవరు ఏ జట్టుకు వేశారన్నది ఇందులో దొరకదు. దొరికేది ఎంపిక నడిచే తీరు, అది బెడిసికొట్టిన సందర్భాలు.

అసలు కమిటీ ఎందుకు? ఐపీఎల్‌లో పది జట్లు తలా 14 మ్యాచ్‌లు ఆడతాయి. పాయింట్ల పట్టిక చూస్తే ప్లేఆఫ్‌కు వెళ్లే నాలుగు ఎవరో చిన్నపిల్లాడైనా చెప్తాడు. ఇక్కడ 2025 సీజన్‌లో పైస్థాయి జట్లే 136. ఒక్కొక్కటి మామూలు సీజన్‌లో 12 మ్యాచ్‌లు ఆడుతుంది. అవీ చాలావరకు తమ కూటమిలోని, అంటే సొంత కాన్ఫరెన్స్‌లోని జట్లతోనే. గట్టి జట్లతో పది గెలిచినవాడు గొప్పా, మెతక జట్లతో పన్నెండూ గెలిచినవాడు గొప్పా అన్న ప్రశ్నకు పాయింట్ల పట్టిక జవాబివ్వదు. ఎవరో ఒకరు కూర్చుని తేల్చాల్సిందే.

ఈ కుర్చీకి పని పడకముందు ఆ తీర్పు విలేకరులు, కోచ్‌లు, కంప్యూటర్ల చేతుల్లో ఉండేది. విలేకరుల అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) ర్యాంకింగ్ 1936 నుంచీ ఉంది. 1998లో వచ్చిన బీసీఎస్ విధానం ఓట్లనూ కంప్యూటర్ లెక్కలనూ కలిపి రెండే జట్లను ఫైనల్‌కు పంపేది. 2003లో విలేకరుల ఓటులోనూ కోచ్‌ల ఓటులోనూ మొదటి స్థానంలో ఉన్న యూఎస్‌సీ ఆ ఫైనల్‌కు వెళ్లలేకపోయింది. మరుసటి ఏడాది ఒక్క ఓటమీ లేని ఆబర్న్‌కూ చోటు దక్కలేదు. జనం విసిగిపోయారు. 2014 సీజన్ నుంచి నాలుగు జట్ల ప్లేఆఫ్ మొదలైంది, కమిటీ వచ్చింది. తొలి సభ్యుల్లో అమెరికా మాజీ విదేశాంగ మంత్రి కాండలీసా రైస్ కూడా ఉన్నారు.

ఓటింగ్ పద్ధతి చెప్పుకోదగ్గదే. ముందుగా ఒక్కో సభ్యుడు తన దృష్టిలో మెరుగైన 30 జట్ల పేర్లు ఇస్తాడు. ఆ తర్వాత అందరి ఓట్లతో ఆరు జట్లు బల్ల మీదికి వస్తాయి. వాటికి ఒకటి నుంచి ఆరు దాకా ర్యాంకులు వేస్తారు. తక్కువ పాయింట్లు వచ్చిన మూడు జట్లు పట్టికలోకి ఎక్కుతాయి. మిగిలిన మూడింటికి కొత్తగా మూడు చేర్చి మళ్లీ ఓటేస్తారు. 25 స్థానాలు నిండేదాకా ఇలాంటి తంతే.

సొంత కాలేజీ పేరు వచ్చినప్పుడు సభ్యుడు ఏం చేయాలన్నదానికి నియమం ఖచ్చితంగా ఉంది. తనకు జీతమిచ్చే కాలేజీ గురించి చర్చ మొదలైతే అతడు కుర్చీ వదిలి గది బయటికి పోవాలి. ఆ జట్టు విషయంలో ఓటు వేయకూడదు. ల్యాప్‌టాప్ బల్ల మీదే ఉంటుంది, తలుపు మూసుకుంటుంది, మిగతావాళ్లు మాట్లాడుకుంటారు. కాలేజీల క్రీడా డైరెక్టర్లే సభ్యులుగా ఉండే చోట ఇంతకంటే మంచి కట్టుబాటు కుదరదు. స్వార్థం సంగతి ఈ ఖాళీ కుర్చీ చూసుకుంటుంది. కొలబద్ద సంగతి చూసుకునే నియమం మాత్రం లేదు.

ఆ లోటు మొదటి ఏడాదే బయటపడింది. 2014లో మూడో స్థానంలో ఉన్న టీసీయూ చివరి మ్యాచ్‌లో అయోవా స్టేట్‌ను 55-3తో చిత్తు చేసి కూడా ఆరో స్థానానికి పడిపోయింది. కాన్ఫరెన్స్ ఫైనల్లో విస్కాన్సిన్‌ను 59-0తో ఓడించిన ఒహాయో స్టేట్ నాలుగోదిగా లోపలికొచ్చి టైటిల్ కొట్టింది. 2017లో 13 మ్యాచ్‌లకు 13 గెలిచిన చిన్న కాన్ఫరెన్స్ జట్టు యూసీఎఫ్ 12వ స్థానం దాటలేదు. మేమే ఛాంపియన్లమని ఆ కాలేజీ తనకు తానే ప్రకటించుకుంది. అందులో కొంత చిలిపితనం ఉంది, న్యాయమూ ఉంది.

2023 నాటి గొడవ వీటన్నిటికంటే పెద్దది. ఫ్లోరిడా స్టేట్ 13కి 13 గెలిచింది, ఏసీసీ కాన్ఫరెన్స్ ఛాంపియన్ కూడా. నవంబరులో దాడిని నడిపించే ఆటగాడు, అంటే క్వార్టర్‌బ్యాక్, జోర్డన్ ట్రావిస్ కాలు విరిగింది. అతను లేకుండానే ఫ్లోరిడా అనే వేరే కాలేజీ జట్టును 24-15తో, లూయివిల్‌ను 16-6తో ఓడించింది. అయినా దానికి ఐదో స్థానమే మిగిలింది. టెక్సస్ చేతిలో ఓడిన అలబామాకు నాలుగోది దక్కింది. ట్రావిస్ లేని జట్టు వేరే జట్టు అన్నది కమిటీ బయటికి చెప్పిన కారణం. కీలక ఆటగాళ్లు దూరమవడాన్ని పరిగణించవచ్చని నిబంధనల్లో ఉంది కనుక రూలు తప్పిందనలేం. కానీ ఆ రోజు జరిగింది రేపు ఎవరు గెలుస్తారన్న అంచనా. ఇప్పటిదాకా ఎవరు గెలిచారన్న లెక్క కాదు. పెద్ద కాన్ఫరెన్స్‌లో ఓటమెరుగని ఛాంపియన్‌ను ప్లేఆఫ్ పక్కనపెట్టడం అదే తొలిసారి. ఫ్లోరిడా రాష్ట్ర అటార్నీ జనరల్ విచారణకు కూడా దిగారు.

2024 నుంచి జట్లు 12 అయ్యాయి. తగువు తీరలేదు, కిందికి జరిగిందంతే. అందరికంటే పై ర్యాంకుల్లో ఉన్న ఐదుగురు కాన్ఫరెన్స్ ఛాంపియన్లకు 2024, 2025 సీజన్లలో చోటు ఖాయంగా ఉండేది. తొలి ఏడాది వారిలో మొదటి నలుగురికి నేరుగా క్వార్టర్ ఫైనల్ ఇచ్చారు. దాంతో 12వ ర్యాంకు అరిజోనా స్టేట్ నాలుగో సీడ్ అయింది. ఆ నాలుగు జట్లూ ఆడిన తొలి మ్యాచ్‌లోనే ఓడాయి. మరుసటి ఏడాది సీడింగ్ ర్యాంకు ప్రకారమే జరిగింది.

2025లో మయామి, నోటర్ డామ్ రెండూ పదేసి గెలిచి రెండేసి ఓడాయి. ఆగస్టు 31న ముఖాముఖి మ్యాచ్‌లో మయామి 27-24తో నెగ్గింది. అయినా నవంబరు అంతా కమిటీ వారంవారీ ర్యాంకుల్లో నోటర్ డామే పైన ఉంది. చివరి వారం ఈ రెండూ ఆడలేదు. వాటి మధ్యనున్న బీవైయూ టెక్సస్ టెక్ చేతిలో ఓడి కిందికి జారింది. రెండు జట్లూ పక్కపక్కకు వచ్చాయి, అప్పుడు ముఖాముఖి ఫలితం గుర్తుకొచ్చింది. మయామి పదో స్థానానికి ఎక్కింది. ఛాంపియన్ల కోటాలో తులేన్, జేమ్స్ మాడిసన్ రావడంతో 11వ ర్యాంకు నోటర్ డామ్ బయట మిగిలింది. అలిగి, సీజన్ చివర ఆడే బౌల్ మ్యాచ్ కూడా ఆడనంది. మయామి మాత్రం ఫైనల్ దాకా వెళ్లి ఇండియానా చేతిలో 27-21తో ఓడింది.

నిర్ణయం సరైనదే. ఆగస్టులో తేలిన ఫలితం డిసెంబరులో మూడో జట్టు ఓడితేగాని లెక్కకు రాకపోవడమే తప్పు. ముఖాముఖి ఫలితానికి ఎప్పుడు ఎంత విలువో, ఎంచాల్సింది బలమైన జట్టునో అర్హత సంపాదించిన జట్టునో సీజన్ మొదలుకాకముందే రాసిపెట్టాలి. అది రాయనంతకాలం 24 జట్లకు పెంచినా 25వ జట్టు ఫిర్యాదుకు కమిటీ దగ్గర జవాబు ఉండదు.