కాకా, చెయ్యి తియ్యి (సటీక తాత్పర్యం)

అవతారిక: సిరికొండలో ఒక అరుగు మీద, మాపటేళ, నలుగురు పిల్లలతో ఒక కాక కథాట ఆడిస్తున్నాడు. తలా ఒక పాత్ర పూని, ఇరవై ముఖాల పాచిక వేసి కథను నడిపే ఈ ఆటకు, 1974లో అమెరికాలో గైగాక్స్, ఆర్నెసన్‌లు అచ్చువేసిన ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ మూలపురుషుడు. వీరి కథ మాత్రం బోధన్‌ది. ఏకచక్రపురం ఇదేననీ, భీముడు బకాసురుణ్ణి చంపింది ఇక్కడేననీ ఆ ఊరి స్థలపురాణం. కాక మెడలో చిన్న ప్రొజెక్టరు. అరుగు మీద అడవీ బండీ బకుడూ వెలుగై పడ్డారు. పాచిక అందుకోవడానికి కాక చెయ్యి చాచాడు. ఎనిమిదో తరగతి కవి నోట ఈ ఆటవెలది పుట్టింది.

చెయ్యి తియ్యి కాక! చీకటి పడ్డది
బకుని నెత్తి మీద పగటి పూట
మెడల దీపముండి మేమేమి జేస్తము
నోటిలోన కథకు నూనె లేక

ప్రతిపదార్థం: కాక = ఓ కథాధ్యక్షుడా (దీర్ఘాన్ని గణం మింగినది); చెయ్యి తియ్యి = హస్తమును ఉపసంహరింపుము; పగటి పూట = పట్టపగలే; బకుని నెత్తి మీద = బకాసురుని శిరస్సునందు; చీకటి పడ్డది = నీ మోచేతి నీడ కమ్మినది; మెడల దీపముండి = కంఠమున ప్రొజెక్టరు వ్రేలాడుచున్నను; నోటిలోన కథకు = నీవు చెప్పవలసిన కథకు; నూనె లేక = కల్పన యను చమురు లేనందున; మేమేమి జేస్తము = మేమేమి చేయగలము?

శంక: మాపటేళ పగలెక్కడిది? సమాధానం: అది కథలోని పగలు. బయటి పగటి వెలుతురులో బొమ్మ వెలవెలబోతుంది గనుక ఆట మాపటికి జరిగినది.

తాత్పర్యం: దీపం ఎదపై ఉంటే, అరుగు మీదికి చాచిన చెయ్యి దానికి అడ్డమే. పైగా కాక ఊపిరి పీలిస్తే అడవి కదులుతుంది, దగ్గితే భూకంపం.

విశేషాలు: ఎంఐటీ మీడియా ల్యాబ్‌కు చెందిన ప్రణవ్ మిస్త్రీ 2009లో చూపిన ‘సిక్స్త్ సెన్స్’ ఇలాంటి కంఠాభరణమే. ‘టిల్ట్ ఫైవ్’ అనే సంస్థ దీపాన్ని కళ్లద్దాల్లోకి ఎక్కించింది. వెలుగును వచ్చిన దారినే వెనక్కి పంపే పలక మీద ఎవరి మూల నుంచి వారికి బొమ్మ అగుపిస్తుంది. ఒకరికే తెలియాల్సిన రహస్యం ఉన్న ఆటకు ఇది వరం. బండి ఎన్ని అడుగుల దూరంలో ఉందన్న తగువూ తీరుతుంది. ఎంత భయమేసిందో మాత్రం నోరే చెప్పాలి. వెలుగు పడకముందు నలుగురు పిల్లలకు నలుగురు బకులు. పడ్డాక అందరికీ ఒకటే మీసం.

ఫలశ్రుతి: కాక దీపం ఆర్పి, గొంతు తగ్గించి, “బండి చక్రం కిర్రుమన్నది” అన్నాడు. కవి కాక చెయ్యి పట్టుకున్నాడు. కథ అయ్యేదాకా తియ్యనియ్యలేదు.