నేనే ఆ పక్క టార్గెట్‌ని

మత్స్యయంత్రాన్ని కొట్టినవాడి పేరు మీలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ చేపకి ఎలా ఉందో అడిగినవాడు మాత్రం లేడు. కొట్టించుకునే జాతి తరఫున కనీసం నేనైనా నోరు విప్పుతాను. పైగా నా మీద నూట యాభై ఏళ్ళుగా ఒక అపవాదు ఉంది. దాని సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి.

నేను ఇనుప టార్గెట్‌ని. ఆరడుగుల ఎత్తు, పన్నెండడుగుల వెడల్పు. ఒళ్ళంతా తెల్లరంగు, నట్టనడుమ మూడడుగుల నల్లటి చదరం. దాన్ని బుల్ అంటారు. తూటా అక్కడ తగిలితే నాలుగు పాయింట్లు. దాని చుట్టూ ఆరడుగుల చదరం సెంటర్, అక్కడైతే మూడు. అటూ ఇటూ మిగిలిన రెక్కలు ఔటర్, వాటికి రెండు. ఈ రోజుల్లో బుల్ అంటే గుండ్రంగా ఉంటుందనుకుంటారు. మా రోజుల్లో చదరమే.

మా ఊరు న్యూయార్క్ పక్కన, లాంగ్ ఐలండ్‌లో, క్రీడ్‌మూర్. క్రీడ్ అనే కుటుంబం వాళ్ళ పొలం అది. అమెరికా అంతర్యుద్ధంలో సిపాయిల గురి ఎంత అధ్వానంగా ఉందో కళ్ళారా చూసిన విలియం చర్చ్, జార్జ్ వింగేట్ అనే ఇద్దరు అధికారులు 1871లో నేషనల్ రైఫిల్ అసోసియేషన్ పెట్టారు. నేర్చుకోవడానికి మైదానం కావాలి కదా. న్యూయార్క్ రాష్ట్రం 25,000 డాలర్లిచ్చింది, పొలం కొన్నారు, 1873 జూన్‌లో కాల్పులు మొదలయ్యాయి. ఆ అసోసియేషన్ పేరు చెబితే ఇప్పుడు మీకు రాజకీయం గుర్తుకొస్తుంది. మా కాలంలో దాని ధ్యాసంతా గురి మీదే.

టార్గెట్ బతుకు ఎలా ఉంటుందంటారా? వెయ్యి గజాల అవతల మనుషులు పడుకుంటారు. కొందరు బోర్లా, కొందరు వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి గొట్టాన్ని కాళ్ళ మీద ఆనించుకుంటారు. ముందు తెల్లటి పొగ కనిపిస్తుంది. తర్వాత చప్పుడు వస్తుంది. ఆ తర్వాతే తూటా. నల్లమందు తూటా బయల్దేరేటప్పుడు ధ్వనికంటే వేగంగానే బయల్దేరుతుంది. గాలిని తోసుకుంటూ వచ్చేసరికి నీరసించి, దారిలో చప్పుణ్ణి ముందుకు పోనిస్తుంది. వెయ్యి గజాలు రావడానికి సుమారు మూడు సెకన్లు. ఆ మూడు సెకన్లూ అది గాలి చేతిలోనే ఉంటుంది. పక్కనుంచి ఓ మోస్తరు గాలి వీచినా అడుగుల కొద్దీ తప్పుకుంటుంది. అందుకే గాలి ఎటు తోస్తుందో జెండాలు చూసి అంచనా వేసుకుని, సైటును ఆ మేరకు జరుపుకుని కాల్చాలి. తీరా పేల్చేలోపు గాలి మనసు మార్చుకుంటే అంతే సంగతులు.

తూటా తగలగానే నేను ఖంగుమంటాను. సీసం అప్పచ్చిలా అణిగిపోతుంది. కింద కందకంలో దాక్కున్న మార్కరు మచ్చ ఎక్కడ పడిందో చూసి, బుల్ అయితే పొడవాటి కర్రకున్న తెల్లటి బిళ్ళను పైకెత్తి చూపిస్తాడు. తర్వాత బ్రష్షుతో మచ్చ మీద రంగు పూస్తాడు. మనుషుల్లో నాకు దగ్గరగా తెలిసినవాళ్ళు ఈ మార్కర్లే. మిగతావాళ్ళంతా నాకు పొగ రూపంలోనే పరిచయం.

ఇక అసలు కథ. ఇంగ్లండ్‌లో వింబుల్డన్ మైదానంలో 1862 నుంచి ఎల్కో షీల్డ్ అని ఒక పోటీ జరిగేది. జట్లుగా కాల్చే పోటీ, దూరాలు 800 నుంచి 1000 గజాలు. 1873లో ఐర్లండ్ జట్టు దాన్ని మొదటిసారి గెలుచుకుంది. గెలిచినవాడికి ఊరుకోబుద్ధి కాదు. వాళ్ళ నాయకుడు ఆర్థర్ లీచ్, అమెరికా షూటర్లను కూడా ఓడిస్తేగానీ మేం జగజ్జేతలమని చెప్పుకోలేం అనుకున్నాడు. న్యూయార్క్ హెరాల్డ్ పత్రికలో సవాలు వేయించాడు. ఆ సవాలును అందుకున్నది న్యూయార్క్‌లోని అమెచ్యూర్ రైఫిల్ క్లబ్. పేరులోనే ఉంది కదా, వాళ్ళంతా వేరే పనులు చేసుకుంటూ సరదాకి కాల్చేవాళ్ళు. వెయ్యి గజాల అనుభవం వాళ్ళలో దాదాపు ఎవరికీ లేదు. అంత దూరం కాల్చే రైఫిళ్ళు కూడా లేవు. ఒప్పుకున్నాక నేర్చుకుందాంలే అనుకున్నారు. ఇలాంటి ధైర్యం నాకు ఇష్టం.

రెమింగ్టన్, షార్ప్స్ కంపెనీలు వాళ్ళకోసం కొత్త రైఫిళ్ళు తయారుచేశాయి. వెనకనుంచి తూటా పెట్టే రకం. ఐరిష్‌వాళ్ళు తెచ్చుకున్నవి డబ్లిన్‌లో జాన్ రిగ్బీ చేసిన రైఫిళ్ళు. మూతినుంచి మందు పోసి, తూటా కూరి కాల్చేవి. నిదానంగా, ఒద్దికగా చేసే పని అది. దూరపు గురికి వాటిని మించినవి లేవని అప్పటి పెద్దల నమ్మకం. తుపాకీ చేసిన రిగ్బీ స్వయంగా జట్టులో కాల్చాడు. అటు రెమింగ్టన్ రైఫిల్‌ని రూపొందించిన హెప్‌బర్న్ కూడా తన జట్టులో ఉన్నాడు. చేసినవాడే కాల్చుకోవడంలో ఒక న్యాయముంది. తప్పితే ఎవర్ని తిట్టాలో వెతుక్కోనక్కర్లేదు.

1874 సెప్టెంబర్ 26. జట్టుకు ఆరుగురు. 800, 900, 1000 గజాలు, ఒక్కో దూరంలో మనిషికి పదిహేను తూటాలు. టెలిస్కోపు సైట్లు కుదరవు. మొత్తం 1080 పాయింట్లకు ఆట. రైళ్ళలో దిగిన వేలమంది జనం. అందులో న్యూయార్క్ ఐరిష్‌వాళ్ళు ఎంతమందో! వాళ్ళు ఎవరికోసం చప్పట్లు కొట్టాలో తేల్చుకోలేక రెండువైపులా కొట్టారు.

800 గజాల్లో అమెరికా 326, ఐర్లండ్ 317. ఈ రెండు అంకెల్నీ దయచేసి గుర్తుపెట్టుకోండి.

900 గజాల దగ్గర నా ఘట్టం వచ్చింది. జె.కె. మిల్నర్ అనే ఐరిష్ షూటర్ పడుకున్నాడు, చూసుకున్నాడు, గాలిని అంచనా వేసుకున్నాడు, మీట నొక్కాడు. పొగ, చప్పుడు, తూటా. నా బుల్‌లో తగిలింది. ఖంగుమన్నాను, అది నా ధర్మం. చిక్కు ఒక్కటే. ఆయన కొట్టాల్సింది నన్ను కాదు, ఆయన జట్టుకిచ్చిన టార్గెట్‌ని. పక్కవాడి విస్తట్లో పడ్డ లడ్డూ ఎంత తియ్యనిదైతే ఏం లాభం? లెక్కలో దానికి సున్నా వేశారు.

మిల్నర్‌ని వెక్కిరించే ముందు ఒక పని చెయ్యండి. చెయ్యి ముందుకు చాచి బొటనవేలు నిలబెట్టండి. 900 గజాల దూరం నుంచి చూస్తే మేము మూడు నాలుగు టార్గెట్లం వరసగా ఆ ఒక్క వేలి వెనక దాక్కుంటాం. అందరిదీ ఒకే ఎత్తు, ఒకే రంగు, ఒకే నల్ల చదరం. కన్ను సైటు మీదా, మనసు గాలి మీదా పెట్టినవాడికి ఎడమనుంచి ఎన్నోది తనదో క్షణకాలం పొరబడడం వింతేమీ కాదు. ఈ పొరపాటు ఇప్పటికీ జరుగుతోంది, పెద్ద పెద్ద పోటీల్లోనే జరుగుతోంది. నిజానికి ఇందులో గురి తప్పలేదు. గాలిని సరిగ్గా చదివాడు, మీట సరిగ్గా నొక్కాడు. చిరునామా ఒక్కటే తప్పింది.

సాయంత్రానికి 1000 గజాల దగ్గరికొచ్చారు. ఐర్లండ్ తన తూటాలన్నీ కాల్చేసింది, మొత్తం 931. అమెరికా 930 మీద ఉంది. మిగిలింది ఒకే ఒక్క తూటా, కాల్చాల్సినవాడు కర్నల్ జాన్ బోడైన్. దాహమేసి జింజర్ బీర్ అడిగితే ఆ సీసా కాస్తా పగిలి ఆయన చెయ్యి కోసుకుపోయింది. రక్తం కారుతున్న చేతికి రుమాలు చుట్టుకుని పడుకున్నాడు. ఔటర్ తగిలినా ఒక పాయింటుతో గెలుపే. అసలు తగలకపోతే ఓటమి. కాల్చాడు. మూడు సెకన్లు. తెల్లటి బిళ్ళ పైకి లేచింది. బుల్! 934. మైదానమంతా అరుపులు. ఆ బుల్ మోసిన పలక ఆ సాయంత్రం నుంచి మాతో మాట్లాడడం మానేసింది.

మూడు పాయింట్ల తేడా. మిల్నర్ తూటా సరైన టార్గెట్‌కి తగిలుంటే నాలుగు కలిసి 935 అయ్యేది, ఒక్క పాయింటుతో ఐర్లండ్ గెలిచేది. ఈ కూడిక చెయ్యనివాడు లేడు. అప్పటినుంచీ ఐర్లండ్‌ని ఓడించింది నేనేనంటారు.

ఇక నా వాదన వినండి. ఒక్కో జట్టు ఆ రోజు కాల్చింది 270 తూటాలు. ఐర్లండ్ పోగొట్టుకున్నవి 149 పాయింట్లు. అందులో నా దగ్గర పోయినవి నాలుగంటే నాలుగు. మిగిలిన 145 ఎక్కడికి పోయాయి? బుల్ పక్కన రెండంగుళాల్లో పడ్డ మూళ్ళలో పోయాయి, గాలి విసిరేసిన రెండుల్లో పోయాయి. వాటికి కథ లేదు కాబట్టి వాటిని ఎవరూ అడగరు. ఇంకో సంగతి. నా సున్నాతో కలుపుకుని కూడా 900 గజాల్లో ఐర్లండే ముందుంది, 312కి 310. 1000 గజాల్లోనూ వాళ్ళే, 302కి 298. మరి ఆట పోయిందెక్కడ? మొదటి దూరంలో, ఆ 326కీ 317కీ మధ్య. నా బుల్ మోగేటప్పటికే తొమ్మిది పాయింట్లు వెనకబడి ఉన్నారు. జట్టు ఆటలో గెలుపోటములు చాలాసార్లు అలా పొద్దున్నే, జనం ఇంకా కుర్చీలు వెతుక్కుంటున్నప్పుడే తేలిపోతాయి. రుమాలు కట్టిన చెయ్యి, పక్క టార్గెట్ పత్రికలకు పనికొస్తాయి. గెలిచిన జట్టులో 180కి 171 కొట్టిన హెన్రీ ఫుల్టన్ పేరు మీలో ఎంతమంది విన్నారు?

రుజువు కావాలా? 1875లో అమెరికన్లు డబ్లిన్ దగ్గర డాలీమౌంట్ వెళ్ళి మళ్ళీ ఆడారు. 967, 929. ముప్ఫై ఎనిమిది పాయింట్ల తేడా. ఏ ఒక్క తూటా మీదా నింద వెయ్యడానికి వీల్లేదు గనక ఆ ఆటని కథలా చెప్పుకునేవాళ్ళు తక్కువ.

ఐరిష్‌వాళ్ళ గురించి ఒక మంచిమాట చెప్పకపోతే తప్పు. 1874లో మా ఊరొచ్చిన పర్యటనలోనే లీచ్ అమెరికా షూటర్లకి ఒక వెండి కప్పు బహూకరించాడు. లీచ్ కప్పు పేరుతో దానికోసం అమెరికాలో ఆ తర్వాత దూరపు గురి పోటీలు తరతరాలుగా జరిగాయి. రిగ్బీ తర్వాత ఎన్‌ఫీల్డ్‌లోని ప్రభుత్వ తుపాకుల కర్మాగారానికి అధికారి అయ్యాడు. ఓడినవాళ్ళకి పెద్దగా నష్టమేమీ జరగలేదన్నమాట. నష్టపోయిందల్లా మూతినుంచి కూరే రైఫిలే.

1876లో అమెరికా శతజయంతికి ఐర్లండ్, స్కాట్లండ్, కెనడా, ఆస్ట్రేలియా జట్లు మా మైదానానికొచ్చాయి. పాల్మా ట్రోఫీకి అదే మొదటి పోటీ. అప్పటికి మా ఇనుప జాతికి గడ్డుకాలం మొదలైంది. చట్రాలకు బిగించిన గుడ్డ టార్గెట్లు, వాటి మీద గుండ్రటి బుల్. గుడ్డ ఖంగుమనదు, చిల్లు పడి ఊరుకుంటుంది. రంగు పూయక్కర్లేదు, కాగితం ముక్క అంటిస్తే చాలు. నా అభిప్రాయం అడిగితే అది ఆట పద్ధతే కాదు. కానీ టార్గెట్ అభిప్రాయం ఎవడడుగుతాడు?

కొన్నాళ్ళకి మైదానానికే నూకలు చెల్లాయి. ప్రభుత్వానికి ఆసక్తి తగ్గింది, చుట్టుపక్కల ఇళ్ళు పెరిగాయి, 1890ల మొదట్లో పోటీలు న్యూజెర్సీలోని సీ గర్ట్‌కి తరలిపోయాయి. 1912లో ఆ నేల మీద మానసిక రోగుల ఆసుపత్రి వెలిసింది. అక్కడి రోడ్డుకి మాత్రం తుపాకీ పేరే, వించెస్టర్ బులివార్డ్. 2007లో హోర్నడీ కంపెనీవాళ్ళు తెచ్చిన ఒక తూటాకి 6.5 క్రీడ్‌మూర్ అని పేరుపెడితే దూరం కాల్చేవాళ్ళంతా దాని వెంటపడ్డారు. మా ఊరి పేరు ఇప్పుడు తుపాకుల దుకాణాల్లో పెట్టెల మీద ఉంది.

ఇవన్నీ జరిగేనాటికి నన్ను ఎప్పుడో తూకానికి వేసేశారు. పలకలు ఊడదీసి బండికెత్తినప్పుడు రంగు పొరల కింద అక్కడక్కడా సీసం అతుక్కునే ఉంది. అందులో మిల్నర్ గారిది కూడా కొంత ఉండే ఉంటుంది. పాత ఇనుము కొనేవాడు దాన్ని గీకించలేదు. నాతోపాటే కాటా మీద పెట్టి, అణాపైసలతో సహా లెక్కగట్టి డబ్బిచ్చాడు. ఆ తూటాకి లెక్కలో చోటిచ్చిన మొదటి మనిషి అతనే.