వానకు ముందు సుంకం చూడండి: శనక్కాయల రైతుకు పెడసరి సలహాలు

జూన్ వస్తే అనంతపురం రైతు కళ్లు మబ్బు మీదే ఉంటాయి. ఈసారి మబ్బు కంటే ముందు ఢిల్లీ వైపు చూడండి. ఇదే నా మొదటి సలహా. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల పైచిలుకు వానతో బతికే నేల మనది. ఊడలు దిగే వేళకు పదును ఉంటుందో లేదో ఎవరూ చెప్పలేరు. దిగుమతి సుంకం అలా కాదు. దాన్ని మనుషులే పెంచుతారు, మనుషులే తగ్గిస్తారు. అయినా మన గోడంతా ఆకాశానికే చెప్పుకుంటున్నాం, వినగలిగిన వాళ్లకు చెప్పడం మానేశాం. ఈ సలహాలు వ్యవసాయ శాఖ వాళ్లకూ, బెంగళూరులో ఉద్యోగం చేసే మీ పిల్లలకూ పెడసరంగానే ఉంటాయి. ఉండనివ్వండి.

రెండు తేదీలు కంఠస్థం చేయండి. 2024 సెప్టెంబరు 14న ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద సుంకం అన్నీ కలిపి 5.5 నుంచి 27.5 శాతానికి పెరిగింది. 2025 మే 30న అదే సుంకం 16.5కి దిగింది. మొదటిది మన చేలల్లో కాయ ఊరే రోజుల్లో వచ్చింది, రెండోది ఇంటి అరుగు మీద విత్తనకాయలు ఒలుచుకునే రోజుల్లో. ధర బాగుంటుందన్న నమ్మకంతో విత్తనానికి అప్పు చేసిన మనిషికి ఆ నమ్మకం ఏరువాక దాకా కూడా నిలవలేదు. 2018 మార్చిలో ముడి పామాయిల్ మీద 44 శాతం దాకా వెళ్లిన దేశమే 2021 అక్టోబరుకల్లా మూల సుంకాన్ని సున్నా చేసింది. ఇంత ఊగిసలాడే విధానాన్ని నమ్ముకుని నాలుగు నెలల పంట ఎలా వేస్తారు? వాన తప్పితే కరువు మండలమని ప్రకటిస్తారు. సుంకం తప్పితే ఏ మండలాన్నీ ప్రకటించరు.

పాత కథ పిల్లలకు చెప్పండి. 1986లో నూనెగింజల టెక్నాలజీ మిషన్ మొదలైంది. తొంభైల మొదటికి దేశం దాదాపు తన నూనె తానే పండించుకునే స్థితికి వచ్చింది. అందులో మన ఎర్రనేలల చెమట ఉంది. 1994లో పామోలిన్ దిగుమతికి తలుపులు తెరిచి 65 శాతం సుంకం పెట్టారు. 1998కల్లా దాన్ని 15కి దించారు. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒత్తిడి వల్లే ఇదంతా జరిగిందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అక్కడ పామాయిల్ మీద 300 శాతం దాకా సుంకం వేసుకునే హక్కును మన దేశం రాయించుకుంది. ఆ హక్కును వాడుకోకపోవడం ఢిల్లీ నిర్ణయం. తర్వాత ఆసియాన్ ఒప్పందంతో ముడి పామాయిల్ పరిమితి 37.5 శాతానికి దిగింది. ఇప్పటి 16.5కి అది రెండింతల కంటే ఎక్కువే. ఇవాళ దేశం తినే నూనెలో సగానికి పైగా ఓడల్లో వస్తోంది, ఏటా 150 లక్షల టన్నుల పైమాటే.

వేరుశనగ మానుకోండని చెప్పే అధికారి మీ ఊరికి వస్తే కుర్చీ వేసి కూర్చోబెట్టండి. మంచినీళ్లు ఇచ్చి ఒక ప్రశ్న అడగండి: దేని మీదికి మారాలి? కంది అంటాడు. 2021 నుంచి కందిపప్పు దిగుమతికి తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. మొజాంబిక్, మలావి, మయన్మార్ నుంచి ఇంతింత కొంటామని ఒప్పందాలు కూడా రాసుకున్నారు. పప్పుశనగ అంటాడు. ఉరవకొండ వైపు నల్లరేగడి రైతునడగండి, 2023 డిసెంబరు నుంచి సుంకం లేకుండా దిగిన పసుపు బఠాణీ పప్పుశనగకు ఎలా పోటీ వచ్చిందో చెబుతాడు. 2025 నవంబరులో గానీ దాని మీద 30 శాతం వేయలేదు. చీనీ తోట అంటాడు. అంటే బోరు వేయమనే అర్థం. వెయ్యి అడుగుల కింద దుమ్ము తప్ప ఏమీ రాని బోర్లకు పెట్టిన అప్పులు ఎన్ని ఇళ్లను కూల్చాయో ఈ జిల్లాలో వేరే చెప్పాలా? తోట పెట్టుకోగలిగినవాడు పెట్టుకోనీ. మెట్ట చేను తప్ప మరేదీ లేనివాడు మాత్రం బోరు జోలికి పోవద్దు, శనక్కాయలు వదలొద్దు. వానలు ముఖం చాటేసి కాయ పడకపోయినా కట్టె మిగులుతుంది, పశువు బతుకుతుంది. ఈ లెక్క ఏ ప్రణాళికలోనూ ఉండదు.

ఇండోనేషియా నుంచి కూడా ఒక పాఠం నేర్చుకోండి. మనకు పామాయిల్ అమ్మే ఆ దేశం మన వేరుశనగకు పెద్ద కొనుగోలుదారు. 2025 సెప్టెంబరులో అఫ్లాటాక్సిన్ బూజు విషం ఎక్కువగా ఉందంటూ మన వేరుశనగ పప్పు దిగుమతిని ఆపేసింది. నేను తప్పు పట్టను. తన జనం తినే తిండిని కాపాడుకునే హక్కు ఏ దేశానికైనా ఉంటుంది, మనకూ ఉంది. అయితే ఆ బూజు పంట చివర్లో బెట్ట తగిలినప్పుడే ఎక్కువగా పడుతుంది. బెట్ట మన చేతిలో లేదు, కోత తర్వాతి జాగ్రత్త మన చేతిలోనే ఉంది: పీకిన చెట్లు బాగా ఆరకముందే వాము వేయకండి, పగిలిన కాయలూ ముడతపడ్డ కాయలూ మంచివాటిలో కలపకండి. ఈ ఒక్క విషయంలో వ్యవసాయ శాఖ మాట అక్షరాలా వినండి.

ఇక అందరూ నన్ను తిట్టే సలహా. నూనె ధర పెరగాలని బాహాటంగా కోరండి. లీటరు పది రూపాయలు పెరిగితే టీవీలన్నీ వంటింటి మంటలంటాయి. మండీలో క్వింటాలు వెయ్యి రూపాయలు పడిపోతే ఒక్క కెమెరా రాదు. పేదల మాటేమిటని అడుగుతారు, అడగాల్సిందే. కూలికి పోయే ఇంటికి చవక నూనె కావాలి. 2013 ఉగాదికి వచ్చిన అమ్మహస్తం రేషన్ పథకంలో 185 రూపాయలకు ఇచ్చిన తొమ్మిది సరుకుల్లో పామోలిన్ ఒకటి. శనక్కాయల సీమలో పేదింటికి అందింది పామాయిల్! ప్రభుత్వం మన కాయ కొని, ఇక్కడి మిల్లుల్లోనే ఆడించి, ఆ నూనెను రేషన్ కార్డు మీద చవకగా ఇవ్వాలి. ఖర్చవుతుంది. చవక నూనె భారం ఇన్నేళ్లూ రైతు ఒక్కడే మోశాడు, ఇకనైనా ఖజానా మోయాలి.

సుంకం ఒక్కటే చాలని మాత్రం ఎవరికీ చెప్పకండి. 2024లో సుంకం పెరిగాక కూడా గుజరాత్‌లో వేరుశనగ 6,783 రూపాయల మద్దతు ధర కిందికి జారింది. కేంద్రం ధర మద్దతు పథకం కింద సాధారణంగా రాష్ట్ర దిగుబడిలో నాలుగో వంతు వరకే కొంటుంది. మిగిలిన మూడు వంతులకూ దిక్కు దళారే. 2025లో మద్దతు ధర 7,263కి పెంచారు. కొనేవాడు లేని చోట ఆ అంకె కాగితం మీదే ఉంటుంది.

అందుకని ఎన్నికలప్పుడు రుణమాఫీ అడగడం ఆపండి. అది ఒక్కసారి వచ్చి పోయే డబ్బు. మీ ఎంపీ ఊళ్లోకి వచ్చినప్పుడు శాలువా కప్పే ముందు ఒకే ప్రశ్న అడగండి: మేం విత్తనం వేసిన రోజున ఉన్న సుంకం కాయ అమ్ముకునేదాకా, అంటే జూన్ నుంచి మార్చి వరకు, తగ్గించబోమని లోక్‌సభలో మంత్రితో చెప్పిస్తారా? ప్రశ్న రాతలో ఇవ్వండి. ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. జవాబు రాకపోతే వచ్చే జూన్‌లో అదే కాగితం మళ్లీ పట్టుకెళ్లండి.