ఎద్దు ఈనింది, పదిమందికీ పంపండి

పెద్దలందరికీ ఇప్పుడు ఒకటే బెంగ. కుర్రాళ్లు ఫోనులో కనబడిందల్లా నమ్మేస్తున్నారట, వాళ్లకు ఆలోచించడం నేర్పాలట. ఈ బెంగనూ వెలిబుచ్చేది ఫ్యామిలీ గ్రూపులోనే. దానికి పైన జనగణమనను ప్రపంచంలోకెల్లా గొప్ప జాతీయగీతమని యునెస్కో ప్రకటించిన శుభవార్త, కింద రెండు వేల నోటులో దాగిన చిప్పు రహస్యం. రెండూ ఏనాడో అబద్ధమని తేలినవే. అయినా పంపింది బాబాయి కనుక పిల్లలు దండం బొమ్మ పెట్టి ఊరుకోవాలి.

తిరువళ్లూరు జిల్లా పులికాట్‌లో 2018 మేలో జరిగింది గుర్తుందా? ఉత్తరాది ముఠాలు పిల్లల్ని ఎత్తుకుపోతున్నాయని వాట్సాప్‌లో పుకారు. ఊళ్లో తిరుగుతున్న ఓ దిక్కులేని మనిషిని కొట్టి చంపి, వంతెనకు వేలాడదీశారు. ఆ రోజుల్లో దేశమంతా తిరిగిన వీడియోల్లో ఒకటి కరాచీలో తీసిన ప్రచార చిత్రం. బైకు మీద వచ్చినవాళ్లు పిల్లవాణ్ణి ఎత్తుకుపోతారు, వెంటనే వెనక్కి తెచ్చి దింపి, పిల్లలు జాగ్రత్త అని రాసిన అట్ట చూపిస్తారు. ఎవరో పుణ్యాత్ముడు ఆ చివరి ముక్క కత్తిరించాడు. మిగతాది బాధ్యత గల మామయ్యలు చూసుకున్నారు, ‘వచ్చింది వచ్చినట్టే పంపుతున్నా’ అని కింద ఓ వాక్యం తగిలించి. ఆ జూలైలో వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డులను ఒకేసారి ఐదు చాట్లకు కుదించింది. అంటే అబద్ధం ఆడొచ్చు, మితంగా ఆడాలి.

ఆ ఏడాదే కేరళలో కన్నూరు కలెక్టరు నూట యాభై దాకా ప్రభుత్వ బడుల్లో, ఫోనులో వచ్చింది నిజమో కాదో తేల్చుకునే పాఠం చెప్పించారు. గద్వాలలో ఎస్పీ రెమా రాజేశ్వరి వదంతులు నమ్మొద్దని ఊరూరా డప్పు కొట్టించి, పాట పాడించారు. ఆ పాఠమే మన బడికొస్తే మాత్రం ముందు గైడు వస్తుంది. ‘వదంతి లక్షణాలు నాలుగు వ్రాయుము.’ ఐదోది రాసినవాడికి మార్కు కోత. ‘సార్, నాలుగే అని ఎవరన్నారు?’ అని అడిగినవాడు బెంచీ ఎక్కుతాడు.

తిరుత్తణిలో 1888లో ఓ తెలుగింట పుట్టిన కుర్రాడు ఇలాగే అడిగాడు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీ రోజుల్లో, వేదాంతంలో నీతికి చోటు లేదన్న మిషనరీల విమర్శ సర్వేపల్లి రాధాకృష్ణన్ చెవిన పడింది. ఆయన వాళ్లను తిట్టలేదు. ఆ మాట నిజమో కాదో తేల్చుకుందామని గ్రంథాలు ముందేసుకుని కూర్చున్నారు, ఎం.ఏ.కు వేదాంత నీతి మీదే వ్యాసం రాశారు, 1908లో అది అచ్చయింది. దాన్ని మెచ్చుకున్నది క్రైస్తవుడైన ఆయన గురువు ఏ.జి. హాగ్. నాన్నను పిలుచుకు రమ్మనలేదు.

అలాంటి మనిషి పుట్టినరోజున, 1962 నుంచి గురుపూజోత్సవం జరుపుకుంటున్న రోజున, మనం ఆయన తలపాగా పక్కన గులాబీ పెట్టి, దాని కింద దొరికిన సూక్తి అతికించి పంపుతాం. ఈసారి పంపబోయే ముందు ఆ మాట ఆయన ఏ పుస్తకంలో, ఎన్నో పేజీలో అన్నారో చూడండి. కనబడకపోతే గులాబీ ఒక్కటే పంపండి.